ఎల్.ఎల్.ఆర్. వచ్చింది, ఒంటరిగా తోలవచ్చునా?

పొద్దున ఆరు గంటల వేళ ఏ పాల సేకరణ కేంద్రం ముందు నిలబడి చూసినా బళ్ళు బారులు తీరి కనిపిస్తాయి. వెనుకటి రోజుల్లో తలమీద బిందె, మహా అయితే సైకిలు హ్యాండిలుకు రెండు క్యాన్లు. ఇప్పుడు మోపెడ్లు, స్కూటర్లు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. పాలు వేళకు చేరుతున్నాయి, విరిగి వెనక్కి వచ్చే బాధ తగ్గింది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ బళ్ళు తోలుకొచ్చే వారిలో చాలామంది మన పిల్లలు. తండ్రి గేదెల దగ్గర ఉంటాడు, తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది, క్యాను పట్టుకుని పిల్లవాడు బయలుదేరుతాడు. వాడి దగ్గర లైసెన్సు ఉన్నదా అని అడిగేవారు లేరు.

పర్యవేక్షణ కోసం నేను వెళ్ళే ఊళ్ళలో ఒకచోట జరిగిన సంగతి చెబుతాను. సభ్యుడొకరు కొడుక్కి పద్దెనిమిది నిండగానే ఎల్.ఎల్.ఆర్. ఇప్పించారు. ఎంతో శ్రద్ధగల మనిషి. "ఏమండీ, మావాడికి ఎల్.ఎల్.ఆర్. వచ్చింది, ఇక భయం లేదు గదా!" అని నాతో కూడా సంబరంగా అన్నారు. నేనూ తలూపాను. అప్పటికి నాకూ ఇంతకంటె తెలియదు. నెల తిరగకుండానే ఒక ఉదయం ఆ కుర్రవాడు తల్లిని వెనుక కూర్చోబెట్టుకుని, ఆమె ఒడిలో క్యానుతో కేంద్రానికి వస్తూ, చెరువుకట్ట మలుపులో సైకిలు మీద వస్తున్న పెద్దాయనను గుద్దాడు. పెద్దాయనకు కాలు విరిగింది. సభ్యుడు బీమా కాగితం పట్టుకుని ఏజెంటు దగ్గరకు పరుగెత్తారు. ఏజెంటు కాగితం తిప్పి ఒక షరతు చూపించి పెదవి విరిచాడు. కోర్టుల చుట్టూ తిరగలేనని భయపడి ఆయన పెద్దమనుషుల్లో రాజీ చేసుకున్నారు. అందుకు పాలిచ్చే గేదెలు రెండు అమ్మవలసి వచ్చింది.

ఆ షరతులో ఏమున్నదో చూసిన తరువాతనే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

చట్టంలో ఉన్నది

1939 నాటి పాత మోటారు వాహనాల చట్టం పోయి, 1988 చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దానికింద కేంద్ర ప్రభుత్వం 1989లోనే నియమావళి చేసింది. 2019లో పెద్ద సవరణ వచ్చి శిక్షలు బాగా పెరిగాయి. చట్టంలో మూడో సెక్షను చెప్పేది ఒక్కటే మాట: చెల్లుబాటులో ఉన్న డ్రైవింగు లైసెన్సు లేనిదే ఎవరూ బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపరాదు. మరి నేర్చుకునేవారి గతి ఏమిటి? వారికోసం నియమావళిలో మూడో రూలు ఒక మినహాయింపు ఇచ్చింది. ఎల్.ఎల్.ఆర్. అని మనం పిలిచే లెర్నర్ లైసెన్సుకు ఉన్న బలమంతా ఆ మినహాయింపులోనే ఉంది.

ఆ మినహాయింపు షరతులు లేకుండా ఇచ్చింది కాదు. ముక్కాలిపీటలాగ మూడు షరతుల మీద నిలబడి ఉంది. నేర్చుకునేవారి దగ్గర ఆ రకం వాహనానికే ఇచ్చిన ఎల్.ఎల్.ఆర్. ఉండాలి. పక్కన, ఆ రకం వాహనానికి చెల్లుబాటయ్యే పూర్తి లైసెన్సు ఉన్న మనిషి, అవసరమైతే బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చుని ఉండాలి. బండికి ముందూ వెనుకా తెల్లని నేల మీద ఎర్రగా 'ఎల్' అక్షరం ఉండాలి. ఈ మూడిట్లో ఒక్కటి తప్పినా ఎల్.ఎల్.ఆర్. ఉన్నవాడూ లేనివాడూ చట్టం దృష్టిలో ఒకటే.

మోటారు సైకిలు విషయంలో మరొక మాట కూడా స్పష్టంగా ఉంది. నేర్చుకునేవాడు తన వెనుక నేర్పేవారిని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోరాదు. అంటే లైసెన్సు లేని తల్లిని, చెల్లెలిని, తనలాగే ఎల్.ఎల్.ఆర్. మాత్రమే ఉన్న స్నేహితుణ్ణి ఎక్కించుకోరాదు. పైన చెప్పిన కుర్రవాడు ఒకే ప్రయాణంలో మూడు తప్పులు చేశాడు: లైసెన్సు ఉన్నవారు తోడు లేరు, లైసెన్సు లేని తల్లి వెనుక ఉన్నారు, బండికి ఎల్ అక్షరం లేదు. ఎల్.ఎల్.ఆర్. మాత్రం జేబులో భద్రంగా ఉంది.

నేర్పే మనిషి డ్రైవింగు స్కూలు వాడే కానక్కరలేదు. ఆ బండికి పూర్తి లైసెన్సు ఉంటే తండ్రి కావచ్చు, అన్న కావచ్చు, పక్కింటి వారు కావచ్చు. మన సంఘాలలో పాలు పోసేవారిలో ఆడవారు చాలామంది. స్కూటరు నేర్చుకోవాలని ఉన్నా నేర్పేదెవరని వెనుకాడుతున్నారు. పట్నంలో చదువుకుని లైసెన్సు తెచ్చుకున్న కూతురు ఉంటే ఆ అమ్మాయే తల్లి వెనుక కూర్చుని నేర్పవచ్చు. ఒకచోట కోడలు అత్తగారికి నేర్పుతుండగా చూశాను. ఎవరు ఎవరిని కేకలేస్తున్నారో చెప్పలేను గాని, నేర్పు మాత్రం బాగానే సాగుతోంది.

డొంక మన సొంతమా?

"ఊళ్ళో డొంకలో తోలితే ఎవరడుగుతారు?" అని చాలామంది అంటారు. బహిరంగ స్థలం అంటే తారు రోడ్డు మాత్రమే అనుకోవడం పొరపాటు. రోడ్డు, వీధి, దారి, ప్రజలు హక్కుగా వచ్చిపోయే ఏ చోటైనా బహిరంగ స్థలమేనని చట్టం నిర్వచించింది. డొంక అందులోకి వస్తుంది, చెరువుకట్ట వస్తుంది. రెండుపూటలా ఊరంతా వచ్చే పాల కేంద్రం ముంగిలి మన సంఘానిదే గదా అని అక్కడ పిల్లవాడిచేత మొదటిసారి క్లచ్చు వదిలించకండి. కోత అయిపోయి ఎండిన సొంత చేను ఉన్నది చూశారూ, పాఠం అక్కడ మొదలుపెట్టడం అన్ని విధాలా మంచిది. పడినా మట్టిలోనే పడతాడు.

ట్రాక్టరు సంగతి వచ్చేసరికి ఈ సలహా మరీ అవసరం. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరు చట్టం ప్రకారం తేలిక మోటారు వాహనాల కిందికే వస్తుంది. కనుక రోడ్డెక్కితే కారుకు వర్తించే నిబంధనలే దానికీ వర్తిస్తాయి. నేర్పేవారు బండిని ఆపగల చోట కూర్చోవాలని రూలు. ట్రాక్టరుకు ఉన్నది ఒకటే సీటు! నేర్పేవారు మడ్‌గార్డు మీద కూర్చుని వేలాడుతూ ఉంటారు. అక్కడినుండి బ్రేకు అందదు సరిగదా, గతుకు వస్తే ముందు పడేది గురువుగారే, అదీ పెద్ద చక్రం ముందు. ట్రాక్టరు తోలడం చేనులోనే పూర్తిగా నేర్చుకుని, చేయి తిరిగిన తరువాతనే రోడ్డు సంగతి ఆలోచించాలని నా అభిప్రాయం.

వయస్సు, 'ఫిఫ్టీ' భ్రమ

పద్దెనిమిదేళ్ళు నిండనివారు మోటారు వాహనం నడపరాదు. ఒక సడలింపు ఉంది: పదహారు నిండినవారు ఇంజను సామర్థ్యం 50 సి.సి. మించని మోటారు సైకిలు నడపవచ్చు. పద్దెనిమిది లోపువారికి గేరు లేని బండికి ఎల్.ఎల్.ఆర్. కావాలంటే తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని రాతపూర్వకంగా అంగీకారం ఇవ్వాలి.

ఈ సడలింపు దగ్గరే మన ఊళ్ళలో పెద్ద భ్రమ ఉంది. 1980లో టీవీఎస్ 50 బజారులోకి వచ్చింది. అప్పటినుండి మోపెడు ఏదైనా మనవాళ్ళకు 'టీవీఎస్ ఫిఫ్టీ' యే. క్యాన్లు కట్టుకోవడానికి దానికి మించినది లేదని అందరికీ తెలుసు. కాని పేరు మిగిలింది గాని ఆ ఇంజను మిగల్లేదు. తరువాత వచ్చిన ఎక్స్ఎల్ సూపర్ దాదాపు 70 సి.సి., ఎక్స్ఎల్ 100 దాదాపు 100 సి.సి. ఇంటింటా ఉండే స్కూటర్లు సాధారణంగా 100 సి.సి. పైనే. కాబట్టి పదహారేళ్ళ పిల్లవాడికి తోలే హక్కున్న బండి మన కేంద్రాల ముందు వెతికినా దొరకడం కష్టం. మోపెడే గదా అని ఇచ్చేవారు ముందు బండి పుస్తకంలో, అదే ఆర్.సి.లో, సి.సి. ఎంత అని రాసి ఉందో చూడగలరు.

బ్యాటరీ బళ్ళలో మాత్రం వేరే లెక్క. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవి, నిర్ణీత పరీక్షలో నెగ్గి ఆమోదం పొంది ఉంటే, మోటారు వాహనం కిందికే రావు. వాటికి లైసెన్సు అక్కరలేదు. అంతకు మించిన బ్యాటరీ స్కూటర్లకు మిగతా బళ్ళలాగే లైసెన్సు కావాలి. దుకాణంవారి మాట మీద ఆధారపడక కాగితం చూసి కొనండి.

పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి తోలి నేరం చేస్తే ఏమవుతుందో 2019 సవరణ 199-ఏ సెక్షనులో చెప్పింది. సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతారు. మూడేళ్ళ వరకు జైలు, రూ. 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకెళ్ళాడండీ" అంటే కుదరదా అని మీరడగవచ్చు. కుదురుతుంది, కాని ఆ సంగతి మీరే రుజువు చేసుకోవాలి. పెద్దల అనుమతితోనే తీసుకెళ్ళాడని కోర్టు ముందుగానే భావిస్తుంది. రోజూ రెండుపూటలా పాల పుస్తకంలో ఆ పిల్లవాడి చేతనే సంతకం పెట్టిస్తూ, నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? తన ఎల్.ఎల్.ఆర్. ఏ బండికో ఆ బండే నడుపుతున్న పిల్లవాడి విషయంలో ఈ సెక్షను వర్తించదు గాని, ఆ బండి దొరకడమే కష్టమని పైనే చెప్పుకున్నాం.

వయస్సు నిండి లైసెన్సు మాత్రం లేనివారైతే నడిపినవారికి 181వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు లేదా రూ. 5,000 జరిమానా లేదా రెండూ. నడపనిచ్చిన యజమానికి 180వ సెక్షను కింద అంతే శిక్ష. 2019కి ముందు నడిపినవారి జరిమానా రూ. 500 వరకే ఉండేది.

ఎలా తెచ్చుకోవాలి

రవాణాశాఖ వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకుని స్లాటు తీసుకోవాలి. చేతకానివారు మీ-సేవ కేంద్రంలో గాని, చదువుకున్న పిల్లల సాయంతో గాని చేయించుకోవచ్చు. వయస్సుకు, చిరునామాకు రుజువులు, ఆరోగ్యం గురించి సొంత ధృవీకరణ జతపరచాలి. నలభై దాటినవారిని డాక్టరు సర్టిఫికెట్టు కూడా అడుగుతారు. కేంద్ర నియమావళి ప్రకారం ఎల్.ఎల్.ఆర్.కు బండి తరగతి ఒక్కొక్కదానికి రూ. 150, పరీక్షకు రూ. 50. తరువాత డ్రైవింగు పరీక్షకు తరగతికి రూ. 300, లైసెన్సుకు రూ. 200. సర్వీసు ఛార్జీలు వీటికి అదనం.

ఎల్.ఎల్.ఆర్. పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది. ప్రశ్నలు తెలుగులో ఎంచుకోవచ్చు. రోడ్డు గుర్తులు, వెంట ఉంచుకోవలసిన కాగితాలు, కాపలా లేని రైలు గేటు దగ్గర జాగ్రత్తలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయవలసిన పనులు అడుగుతారు. వీటిలో చివరిది పరీక్ష కోసమని కాక నిజంగా గుర్తుంచుకోండి: దెబ్బ తిన్నవారిని దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాలి, ఎంత ఆలస్యమైనా ఇరవై నాలుగు గంటల లోపల పోలీసులకు తెలియజేయాలి.

ఇక రోజుల లెక్క. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడవనిదే అసలు పరీక్షకు రానివ్వరు. జూన్ 1న ఎల్.ఎల్.ఆర్. తీసుకుంటే జూలై మొదట్లో పరీక్షకు వెళ్ళవచ్చు, నవంబరు ఆఖరుతో దాని ఆయువు తీరిపోతుంది. మనవాళ్ళు ఏం చేస్తారంటే, నాట్లు అయ్యాక చూద్దాం, దసరా వెళ్ళాక చూద్దాం అని నవంబరు మూడో వారందాకా లాగుతారు. అప్పుడు స్లాటు దొరకదు. దొరికి తప్పితే మళ్ళీ హాజరు కావడానికి ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. ఈలోగా ఎల్.ఎల్.ఆర్. గడువు తీరి వట్టి కాగితం అవుతుంది, మళ్ళీ మొదటినుండి మొదలు. ఇలా మూడో ఎల్.ఎల్.ఆర్. మీద బండి తోలుతున్న సభ్యులు నాకు తెలుసు. రెండో నెలలోనే వెళ్ళిరండి.

రెండు చక్రాల బండికి బ్రేకు ఇన్‌స్పెక్టరుగారి ముందు కాలు కింద పెట్టకుండా 'ఎనిమిది' వేయాలి, కారుకు 'హెచ్' ఆకారపు దారిలో ముందుకూ వెనక్కూ నడపాలి. ఎనిమిది ఖాళీ బండి మీద వేస్తాం. పొద్దున్నే మనం తోలేది చెరో పక్క నిండు క్యాను వేలాడే బండి. క్యానులో పాలు కదిలినప్పుడల్లా హ్యాండిలు లాగేస్తుంది. అది ఏ పరీక్షలోనూ లేదు. పూర్తి లైసెన్సు వచ్చాక కూడా కొన్నాళ్ళు ఒక క్యానుతోనే వెళ్ళడం మేలు.

బీమా కాగితంలో ఉన్న షరతు

ఏజెంటు చూపించిన షరతు ఇదీ: ఎల్.ఎల్.ఆర్. ఉన్న మనిషి కూడా ఈ వాహనం నడపవచ్చు, అయితే 1989 కేంద్ర నియమావళి మూడో రూలును పాటించి ఉండాలి. మామూలుగా మన బళ్ళ పాలసీలన్నిటిలో ఈ మాట ఉంటుంది. ఈ రాత్రికే మీ పాలసీ తీసి 'డ్రైవరు' అన్న శీర్షిక కింద చదివించుకోండి.

ఇందులో ఒక ఊరట కూడా ఉంది. ఎల్.ఎల్.ఆర్. కూడా లైసెన్సేనని, అది ఉన్నవారు నడిపినప్పుడు జరిగిన ప్రమాదంలో ఇతరులకు కలిగిన నష్టానికి బీమా కంపెనీ బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. పైన చెప్పిన సభ్యుడు ఎవరైనా వకీలును అడిగి ఉంటే ఆ గేదెలు కొట్టంలోనే ఉండేవేమో. కాని ఎల్.ఎల్.ఆర్. కూడా లేనివాడు, వయస్సు చాలనివాడు తోలితే కథ వేరు. అటువంటి కేసుల్లో బాధితులకు ముందు బీమా కంపెనీచేత పరిహారం ఇప్పించి, ఆ సొమ్మంతా యజమాని దగ్గర రాబట్టుకొమ్మని తీర్పులు వచ్చాయి. యజమాని అంటే ఆర్.సి.లో పేరున్న మనిషి. అది పిల్లవాడి పేరు కాదు, మీ పేరు. మీ బండికి జరిగిన నష్టం సంగతి సరేసరి, దానికి కంపెనీ పైసా ఇవ్వనంటుంది.

సంఘ కార్యదర్శులకు రెండు మాటలు. సంఘం బండిని టెస్టరుకో, సహాయకుడికో ఇచ్చేటప్పుడు లైసెన్సు చూడవలసిన బాధ్యత అయిదో సెక్షను ప్రకారం యజమానితోపాటు బండి ఎవరి అధీనంలో ఉంటే వారి మీద కూడా ఉంటుంది. పాలు తెచ్చే ఆటోలు, చిన్న వ్యానుల విషయంలో చాలాకాలం ఒక తగాదా ఉండేది: కారు లైసెన్సుతో వాటిని నడపవచ్చునా అని. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాలను తేలిక మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. పెద్ద పాల ట్యాంకరుకు మాత్రం రవాణా వాహన లైసెన్సు ఉండి తీరాలి; దానికి ఎల్.ఎల్.ఆర్. కావాలన్నా కనీసం ఏడాదిగా తేలిక వాహన లైసెన్సు ఉండాలి. డ్రైవరు టీ తాగే వేళ క్లీనరు కుర్రవాడు వ్యాను వెనక్కి తీయడం మన కేంద్రాల ముందు రోజూ చూస్తున్నాం. ఆ వ్యాను వెనుక నిలబడి ఉండేది క్యాన్లు పట్టుకున్న మన సభ్యులే.

చివరగా ఎల్ అక్షరం కొలతలు. తెల్లని పలక ఏ పక్క చూసినా 18 సెంటీమీటర్లకు తగ్గరాదు, అంటే జానెడుకు కాస్త తక్కువ. దానిమీద అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు, అడుగున వెడల్పు 9, గీత మందం 2. బండి మీద రాయనక్కరలేదు, అట్టముక్క మీద రాసి కట్టినా చాలునని రూలులోనే ఉంది. ముందొకటి, వెనుకొకటి. క్యాన్ల మీద సభ్యుల నంబర్లు రాయడానికి ప్రతి సంఘంలోనూ ఎర్ర పెయింటు డబ్బా, కుంచె ఉంటాయి. అడిగినవారికి రెండు అట్టముక్కలు రాసి ఇవ్వమని కార్యదర్శులను కోరుతున్నాను.